ఎంత తగిలిందో చెప్పండి

మా అల్లుడు నన్ను కొట్టడం లేదని ఒక ఆదివారం నాకు పట్టరాని కోపం వచ్చింది. చదివి కంగారు పడకండి. కొట్టాల్సింది అతను కాదు, ఆటలో అతను నడిపించే రాక్షసుడు. దెబ్బ తినాల్సింది నేను కాదు, గొడ్డలి పట్టుకుని గుహ ముందు నిలబడ్డ నా పాత్ర. కోపం మాత్రం అచ్చంగా నాదే. దానికి ఇప్పటిదాకా నేను క్షమాపణ చెప్పలేదు, చెప్పను కూడా.

పోయిన ఎండాకాలం ఆఫీసులో నాకు గుండెపోటు వచ్చింది. నేను రైల్వేలో క్లర్కుని, ఇల్లు మెట్టుగూడలో. మధ్యాహ్నం డబ్బా తెరిచి పప్పన్నం కలుపుకుంటుంటే ఎడమ చెయ్యి బరువెక్కింది, ఒళ్ళంతా చెమట పట్టింది. పక్క సీటావిడ నా మొహం చూసి కేక పెట్టడం వరకే గుర్తుంది. స్టెంటు వేసి ఇంటికి పంపించారు.

ఇంటికి వచ్చాక అందరిదీ ఒకటే మాట. "చిన్నదే. ఏం కాలేదు." మా ఆయన అన్నాడు, అమ్మాయి అంది, అల్లుడు అన్నాడు, ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కని ఎదురింటావిడ కూడా వచ్చి అనిపోయింది. ఏం కాలేదన్న ఆ నోళ్ళే "ఇంక ఉద్యోగం చాలు, మానెయ్" అన్నాయి. ఏమీ కాకపోతే ఎందుకు మానాలి? అడిగితే రెస్టు తీసుకో అంటారు. రిపోర్టులు ఏవంటే అమ్మాయి దగ్గర ఉన్నాయని ఆయన, నాన్న దగ్గరే ఉన్నాయని అమ్మాయి. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన నన్ను చూసి చక్కగా నవ్వేవాడు. తర్వాత నర్సు నన్ను బీపీ చూడటానికి పక్క గదిలోకి తీసుకెళ్ళేది. నేను తిరిగొచ్చేసరికి మాట్లాడాల్సినవన్నీ మా ఆయనతో మాట్లాడేసేవాడు.

నేను అడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. నా గుండె ఎంత దెబ్బతిన్నదో నాకు తెలియాలి. ఉద్యోగం మానాలో వద్దో ఆ తర్వాత నేను తేల్చుకుంటాను. అది నా గుండె, నా ఉద్యోగం. ఈ రెండింటి గురించీ నాకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలియడమేమిటని లోలోపల ఉడికిపోతుండేదాన్ని.

ఆదివారాలు మా ఆయన నన్ను మారేడ్‌పల్లిలో అమ్మాయి వాళ్ళ ఫ్లాటులో దింపి, మౌలాలిలో తమ్ముడింటికి వెళ్ళేవాడు. ఒంటరిగా ఉంచకూడదని అందరూ కలిసి నా మీద వేసిన కాపలా అది. అక్కడ భోజనాలయ్యాక అమ్మాయి, అల్లుడు, అమ్మాయి స్నేహితురాళ్ళు ఇద్దరు డైనింగ్ టేబుల్ చుట్టూ చేరి ఒక ఆట ఆడేవారు. బోర్డు లేదు, పేకముక్కలు లేవు. ఒక్కొక్కరూ ఒక పాత్ర. ఒకామె విలుకత్తె, ఒకామె దొంగ, మా అమ్మాయి మంత్రగత్తె. అల్లుడు కథ నడిపిస్తాడు. గుహలో ఏముందో, ఎవరు ఎదురొచ్చారో చెబుతాడు, రాక్షసులందరి తరఫునా ఆడతాడు. కొన్ని వారాలు సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నట్టు నటిస్తూ వాళ్ళ మాటలే విన్నాను. ఒకరోజు కుర్చీ లాక్కుని నేనూ ఆడతానన్నాను.

అల్లుడు తెగ సంబరపడ్డాడు. దొంగ పాత్ర వేసే అమ్మాయి మాత్రం నా మంచి కోరి, "ఆంటీ, మీరు వైద్యం చేసే పాత్ర తీసుకోండి. గాయాలైనోళ్ళకి మందేస్తారు, వెనకాల నిలబడొచ్చు, సేఫ్" అంది.

"ముందల నిలవడేది ఏది?" అన్నాను.

"గొడ్డలి పట్టుకున్నోళ్ళు."

"అయితే నాకు గొడ్డలే ఇయ్యి."

అలా నేను గొడ్డలామెనయ్యాను. వేరే పేరు పెట్టుకోమంటే అక్కర్లేదన్నాను.

పాచికలు చూస్తే నాకు ముద్దొచ్చాయి. మనం ఎరిగిన ఆరు ముఖాలవే కాదు. సమోసాలాగా నాలుగు ముఖాలది ఒకటి, ఎనిమిది ముఖాలది, పన్నెండు ముఖాలది, రేగుపండంత గుండ్రంగా ఇరవై ముఖాలది. ఎవరైనా ఎవరినైనా కొట్టాలంటే ముందు ఆ ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. అది తగిలిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. తగిలితే రెండోసారి వెయ్యాలి, ఈసారి ఆయుధాన్ని బట్టి. చిన్న బాకుకు నాలుగు ముఖాలది, కత్తికి ఎనిమిది ముఖాలది, నా పెద్ద గొడ్డలికి పన్నెండు ముఖాలది. పడ్డ అంకెకు ఒంట్లో ఉన్న బలాన్ని బట్టి ఇంకో అంకె కలుపుతారు. ఎంతొస్తే అంత ఎదుటివాడి ప్రాణంలోంచి తీసేస్తారు. సున్నాకు వస్తే కూలినట్టే. పిల్లలు దాన్ని డ్యామేజీ అంటారు, నాకు దెబ్బ అన్న మాటే బాగుంది. అంత పెద్ద గొడ్డలి ఎత్తి కొట్టినా ఒకటి పడి గీరుకుపోవచ్చు. బాకు కూడా నాలుగు పడి లోతుగా దిగొచ్చు.

రెండుసార్లు ఎందుకు వెయ్యాలి, ఒక్కసారితో తేలిపోదా అని అడిగాను. "తగుల్డు వేరే, ఎంత తగిలిందన్నది వేరే కదా అత్తమ్మా" అన్నాడు అల్లుడు మామూలుగా, చిప్స్ నములుతూ. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటరు మీద ఆయన వెనక కూర్చుని అదే ఆలోచించాను. నాకు జరిగింది సరిగ్గా ఇదే. తగిలిందని చెప్పారు. ఎంత తగిలిందో చెప్పలేదు. మొదటి పాచిక నాకు చూపించి, రెండోది దాచేశారు.

ఆట నాకు ఒంటికి పట్టింది. మొదటిసారి పన్నెండు పడి ఒక తోడేలును ఒక్క వేటుకు పడగొట్టినప్పుడు కుర్చీలోంచి లేచి అరిచాను. "అమ్మా, గుండె!" అని మా అమ్మాయి నీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. నా గుండె ఆ మధ్యకాలంలో అంత హాయిగా కొట్టుకున్నది అప్పుడే. వారమంతా బీపీ మాత్రలు, ఉప్పులేని కూర, లేస్తే ఎందుకు లేచావు, కూర్చుంటే నీరసంగా ఉందా. ఆదివారం వస్తే గొడ్డలి. తక్కినవాళ్ళు నా వెనక నిలబడేవారు. మా అమ్మాయి మంత్రగత్తె ఎన్నిసార్లు చావు దాకా వెళ్ళి వచ్చిందో లెక్కలేదు. విలుకత్తెకు ఎప్పుడూ కట్లే. గొడ్డలామె మాత్రం అందరికంటే ముందు నిలబడి, అన్ని దెబ్బలకూ ఎదురెళ్ళి, రెండు గీతలతో బయటపడేది. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. మా ఇంటి దగ్గర కూరగాయలమ్మే ఆవిడకు కూడా చెప్పుకున్నాను.

వానాకాలం షురూ అయిన ఒక ఆదివారం గుహలో పెద్ద రాక్షసుడు ఎదురయ్యాడు. చేతిలో చెట్టు మొద్దంత దుంగ. ముందు విలుకత్తెను కొట్టాడు. "దుంగకు ఎనిమిది ముఖాలవి రెండు పాచికలు, రెండూ కలిపి దానిమీద బలానికి నాలుగు" అని అల్లుడు అందరికీ వివరంగా చెప్పి, "పదమూడు" అన్నాడు. ఆ అమ్మాయి తల పట్టుకుంది. తర్వాత రాక్షసుడు నా వైపు తిరిగాడు. అల్లుడు పాచికలు ఎప్పుడూ పాత క్యాలెండరు అట్ట ఒకటి అడ్డంగా నిలబెట్టి దాని వెనక వేసేవాడు, రాక్షసుల రహస్యాలు మాకు కనపడకూడదని. అట్ట వెనక పాచికలు గలగలమన్నాయి. అతను వాటిని కాసేపు చూశాడు.

"అయిదు, అత్తమ్మా."

పెన్సిలు తీసుకుని నా ప్రాణంలోంచి అయిదు తీసెయ్యబోయాను. చెయ్యి ఆగిపోయింది.

"ఎంత?"

"అయిదు."

"రెండు పాచికలు ఏసిన్రా?" అల్లుడిని నేను మీరు అనే అంటాను, కోపంలో కూడా.

"ఏసిన అత్తమ్మా."

"ఒక్కోదాని మీద ఒక్కటే పడ్డా రెండైతది. నాలుగు కలిపితే ఆరు. అయిదెట్ల వచ్చింది?"

అల్లుడి మొహం పాలిపోయింది. విలుకత్తె కిసుక్కున నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. మా అమ్మాయి ఏదో సర్దుతున్నట్టు చిప్స్ గిన్నె అటు జరిపింది, ఇటు జరిపింది.

"ఎంత పడింది?" అన్నాను.

"ఇరవై" అన్నాడు చాలా నెమ్మదిగా. "రెండిట్ల మీద ఎనిమిదులే పడ్డయి అత్తమ్మా. మీకు మిగిలిందే పదిహేడు. పడిపోతరు."

"పడిపోతే పడిపోత. మీకేంది తక్లీఫ్?"

"ఎట్ల కొట్టాలె అత్తమ్మా మిమ్మల్ని? మనసు ఎట్ల ఒప్పుతది?"

"మొదటి నుంచి గిట్లనేనా?"

అతను తల వంచుకున్నాడు. మొదటి నుంచీ అలాగేనట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్ని ఆదివారాలు నేను ధైర్యంగా ఎదురెళ్ళానని, తట్టుకుని నిలబడ్డానని విర్రవీగాను కదా, అదంతా వాళ్ళు నాకు వేసిన భిక్ష. కూరగాయలావిడ ముందు చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. మా నాయనమ్మ నాకు అష్టాచెమ్మా నేర్పింది. గవ్వలు అందరి కళ్ళ ముందు చాప మీద పడాలి, చెయ్యి అడ్డం పెడితే ఆ పందెం చెల్లదు. పండబోతున్న నా కాయను చంపి, బోసి నోటితో పకపకా నవ్వేది. మనవరాలు కదా అని ఒక్కనాడు జాలిపడలేదు. ఆవిడ నన్ను తన ఎదురుగా కూర్చుని ఆడే మనిషిలా చూసింది. వీళ్ళు పింగాణీ కప్పులా చూస్తున్నారు.

"అమ్మా, ఆటనే కదా, వదిలెయ్యి" అంది మా అమ్మాయి. "నీకు టెన్షన్ పెట్టొద్దన్నడు డాక్టరు."

"నాతోని అన్నడా? నేను ఆ గదిల ఉన్ననా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గీ రాక్షసుని దెబ్బ తగ్గించి చెప్పిన్రు. ఇంక ఏమేం తగ్గించి చెప్పిన్రు నాకు?"

స్నేహితురాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు కూడా తెలుసన్నమాట. కనీసం నా దగ్గర ఏదో దాచారని తెలుసు.

అల్లుడు పాచికలు చేతిలోకి తీసుకుని అట్ట పక్కకు పడుకోబెట్టాడు. "సారీ అత్తమ్మా. ఇప్పుడు అందరి ముందల మళ్ళా ఏస్త. ఎంత పడితే అంత."

"మళ్ళా ఎందుకు? పడ్డది పడ్డదే. ఇరవై."

"తక్కువ పడొచ్చు కదా అమ్మా" అంది అమ్మాయి, బతిమాలుతున్నట్టు.

"అది సుత దయనే" అన్నాను.

రబ్బరు తీసుకుని పదిహేడు చెరిపేశాను. సున్నా రాశాను. గొడ్డలామె గుహ ముందు కూలిపోయింది. మా అమ్మాయి నిజంగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, ఆ ఏడుపు గొడ్డలామె కోసం కాదని నాకు తెలుసు. నేను ఏడవలేదు. పాత్ర చచ్చిపోయింది, నేను కుర్చీలోనే ఉన్నాను. నిజం చెబితే నేను ఏమైపోతానో అని వీళ్ళందరూ ఇన్నాళ్ళూ బెంగపడ్డారు కదా, చెప్పారు, ఏమీ కాలేదు. చాయ్ చల్లారిపోయింది, అంతే.

"ఇగ నాది చెప్పండ్రి" అన్నాను అల్లుడితో. "నా గుండెకు ఎంత తగిలింది?"

"నాన్న చెప్పొద్దన్నడు" అంది అమ్మాయి, నాతో కాదు, అతనితో.

అల్లుడు పడుకోబెట్టిన అట్ట వంక చూస్తూ కూర్చున్నాడు. అతను మంచివాడు, ఆ మంచితనమే నా ప్రాణం తీసింది. చివరికి తలెత్తి అన్నాడు. "నాతోని అయితలేదు ఇగ. అత్తమ్మా, గుండె రక్తం ఎంత నెట్టుతుందో ఒక నంబరు ఉంటది. మంచిగున్నోళ్ళకు అరవై దాక ఉంటది. మీకు ముప్పై అయిదు ఉన్నది. మందులతోని కొద్దిగ పెరగొచ్చన్నరు. పెరగకపోవచ్చు సుత."

ముప్పై అయిదు. నాకు భయం వేసింది, దాపరికం ఎందుకు. కానీ అంతకుముందు నాకు భయం లేదనుకుంటున్నారా? రాత్రి పక్క తిరిగి పడుకుంటే భయం, బకెట్టు ఎత్తితే భయం, ఆయన ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్తే భయం. దానికి కొసా మొదలూ లేదు. ఇప్పుడు దానికి ఒక కొలత దొరికింది. అరవైలో ముప్పై అయిదు అంటే సగానికి కొంచెం పైన మిగిలింది. ఇంత ఉంటే ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అని అడగొచ్చు. ఏం కాలేదు అన్నవాళ్ళను ఏం అడుగుతాం?

"థ్యాంక్స్" అన్నాను అల్లుడితో. అతను లేచి వంటింట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి అమ్మాయి ఫోనులో అంతా చెప్పేసినట్టుంది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే కస్సుమన్నాడు. "వద్దని నేను చెప్పిన. అల్లునికేం అక్కర?"

"మీరు చెప్పలే, గందుకే ఆయన చెప్పిండు."

"చెప్తే నువ్వు పరేషాన్ అయితవని..."

"ఇన్ని రోజులు నేను మంచిగున్ననా?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "డాక్టరు చెప్పిననాడు కిందికొచ్చి స్కూటర్ స్టార్ట్ చేద్దామంటే తాళంచెవి లోపలికి పోతలేదు. చేతులు గట్ల వణుకుతున్నయి. ఆడ ఎంతసేపు నిలవడ్డనో నాకే తెల్వదు. అప్పటిసంది నిద్రలేదు నాకు. నీ ఊపిరి వినుకుంట పండుకుంటున్న" అన్నాడు.

నాకు జాలి వేసింది. మా పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి భయపడ్డానని ఒప్పుకోవడం నేను వినలేదు. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. కానీ కోపం తగ్గలేదు. ఆ రెండూ ఒకేసారి ఉంటాయి, ఉన్నాయి.

"అది నాకు పడ్డ దెబ్బ" అన్నాను. "మీరెందుకు తిన్నరు? నాకు జెర సుత ఇయ్యకుంట అంతా మీరే తిన్నరు. ఎవరు తినమన్నరు?"

ఉప్పులేని పప్పు ఇద్దరం తిన్నాం. అంతకుముందు దాకా ఆయన తనకు వేరేగా ఉప్పు కలుపుకునేవాడు, ఆ పూట కలుపుకోలేదు.

మర్నాడు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళమన్నాను. నర్సు బీపీ మిషను పట్టుకుని పక్క గది వైపు చెయ్యి చూపిస్తే, ఇక్కడే చూడమన్నాను. డాక్టరు అలవాటుగా మా ఆయన వైపు తిరిగి ఏదో మొదలుపెట్టాడు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆమెకే చెప్పండి సార్" అన్నాడు. ఆ మూడు మాటలు అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో పక్కన కూర్చున్న నాకు తెలుసు.

డాక్టరు చెప్పాడు. గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోయింది, అది తిరిగి రాదు. మిగిలినదాన్ని మందులతో కాపాడుకోవాలి. బరువులు ఎత్తకూడదు. కూర్చుని చేసే ఉద్యోగం చెయ్యొచ్చు. "మళ్ళీ రాదని మాత్రం నేను మాటివ్వలేనమ్మా. వస్తే ఈసారి తట్టుకోవడం కష్టం" అన్నాడు, నా కళ్ళలోకి చూసి, ఏమీ తగ్గించకుండా.

టేబుల్ కింద మా ఆయన చెయ్యి నా చేతిని పట్టుకుంది. ఆ ఎండాకాలం నుంచి మేము ఒకే మాట విని, ఒకేసారి, పక్కపక్కన కూర్చుని భయపడటం అదే మొదటిసారి. కాసేపు ఆ చెయ్యి అలాగే ఉండనిచ్చాను. తర్వాత డ్యూటీలో చేరడానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాసిమ్మని డాక్టరును అడిగాను.